గట్టుమీది రేగు

భోగినాటి సాయంసంధ్యవేళ గోదావరి సీమలో ఐదేండ్లు నిండని బిడ్డ యున్న ప్రతి యింట జరుగు వేడుకను తెలుగువారికి ప్రత్యేకించి వర్ణింప నక్కఱలేదు. బిడ్డకు తలంటి, క్రొత్తబట్టలు తొడిగి, పీటపై తూర్పుమొగముగా కూర్చుండబెట్టి, పేరంటాండ్రు ఒక్కొక్కరుగా వచ్చి, రేగుపండ్లు, నానవేసిన శనగలు, చెఱకుముక్కలు, బంతిరేకులు, చిల్లర నాణెములు గుప్పిట బట్టి మూడుమార్లు దిగదుడిచి తలపై పోయుదురు. దృష్టిదోషము తొలగుననియు, సూర్యునకు ప్రీతిపాత్రమైన యీ యెఱ్ఱని ఫలము శిశువునకు ఆయురారోగ్యముల నొసగుననియు పెద్దల నమ్మకము. దొర్లిన నాణెములకై ఇరుగుపొరుగు పిల్లలు పెనగులాడుదురు గాని, దిష్టి తీసిన పండ్లు తినరాదను వాడుకవలన పండ్లజోలికి మాత్ర మెవ్వరును పోరు.

ఆనాటి యుదయము రాజమహేంద్రవరములోను, అమలాపురములోను, తణుకు భీమవరములలోను సంతకూడలి యెట నున్నను అట రేగుపండ్లు గోనెపట్టాలపై రాసులుగా నుండును. మఱునాటినుండి వానిని పలుకరించువారు తక్కువ. అంతకంటె విచిత్ర మేమనగా, వరికి పల్లము, కొబ్బరికి తోట, అరటికి లంక, పొగాకునకు మెట్ట అని ప్రతి పైరునకును ఒక తావు నిర్ణయించిన యీ సీమ రైతు, రేగునకు మాత్రము ఒక్క సెంటు నేలయైనను విడిచినట్లు కానరాదు. విత్తువారు లేరు, నీరు పెట్టువారు లేరు, కొమ్మ నఱకువారు మాత్రము కలరు. అయినను ఏటేట పుష్యమాసమునకు క్రమము తప్పక పండు వచ్చుచునే యున్నది. ఒక చెట్టును పొలమున నాటకయే, పండుగలో నాటుకొని, తరతరములుగా నిలుపుకొన్న జనుల కథగా రేగు చరిత్రను చదువవచ్చునని నా యభిప్రాయము.

తెల్లదొరలు ఈ దేశమునకు వచ్చినపుడు తమ యూరి ప్లమ్‌ పండును తలపించిన ప్రతి ఫలమునకును ఆ పేరే తగిలించి, మన నేరేడును జావా ప్లమ్‌ అనియు, మన రేగును ఇండియన్ ప్లమ్‌ అనియు వ్రాసికొనిరి. పైన మెత్తని కండ, నడుమ గట్టి టెంక యుండుట తప్ప వీనికిని తెల్లదొరల యూరి పండునకును బంధుత్వము లేదు. అసలైన ప్లమ్‌ గులాబీ కుటుంబమునకు చెందినది. బాదము, పీచ్‌ దాని దాయాదులు. ఐరోపా ప్లమ్‌ కాస్పియన్ సముద్ర కాకసస్ పర్వత ప్రాంతములందు రెండు అడవిజాతుల కలయికవలన పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. ఒకటవ శతాబ్దమున రోమనుడైన ప్లినీ దానియందలి పలురకములను పేర్కొనెను. చీనాలో పుట్టిన వేఱొక జాతి జపానుమీదుగా అమెరికా చేరగా, 1885లో లూథర్ బర్‌బ్యాంక్ అను తోటమాలి ఆ మొక్కలను కాలిఫోర్నియాకు తెప్పించి, సంకరము చేసి, 1906 నాటికి శాంటారోజా అను రకమును లోకమునకు అందించెను. నేడు హిమాచలప్రదేశమున కొండవాలులందు కాయుచున్న ప్లమ్‌లలో పేరుగన్నది అదియే. గోదావరి సీమకు అది రాజాలదు. ఆ చెట్టు శీతకాలమున వందలకొలది గంటలు 7 డిగ్రీలకు లోబడిన చలిలో నిద్రించినగాని వసంతమున సరిగా పూయదు. జనవరి రాత్రులందు సైతము ఒక దుప్పటితో సరిపెట్టుకొను మన డెల్టాలో దానికి నిద్రయే పట్టదు.

రేగు స్వభావము దీనికి పూర్తిగా విరుద్ధము. అది నిద్రించునది వేసవిలో. ఏప్రిల్, మే నెలలలో కాలువలు కట్టివేసి డెల్టా నేల నెఱ్ఱెలువాఱు వేళ, రేగుచెట్టు ఆకు రాల్చి మోడై నిలుచును. తొలకరికి చిగిర్చి, వానలు వెనుకబట్టిన పిదప ఆకుపంగలలో ఆకుపచ్చయో పసుపో తేల్చి చెప్పరాని చిన్నపూలు తొడుగును. వానియందు అందము గాని సుగంధము గాని వెదకిన దొరకదు. ఈగలును కందిరీగలును మాత్రము ఆ పూలను విడువక తిరుగును. కార్తిక మార్గశీర్షములలో కాయ యెదిగి, సంక్రాంతికి పండును. ఆకుమొదట నుండు ముండ్లజంటలో ఒకటి నిటారుగాను, ఒకటి కొక్కెమువలె వంగియు నుండుట చిన్నతనమున చెట్టెక్కినవారి చొక్కాలకు తెలియును.

దీని ప్రాచీనత ఆశ్చర్యకరము. బలూచిస్థానమున బోలాన్ కనుమచెంత మెహర్‌గఢ్ అనుచోట, సుమారు 9 వేల యేండ్లనాటి తొలి వ్యావసాయికుల నివాసములను త్రవ్వినపుడు, గోధుమ, యవధాన్యముల గుఱుతులతోపాటు రేగుజాతి టెంకలును బయటపడినవి. మనుష్యుడు నాగలి యెఱుగక పూర్వమే, కుండ చేయ నేర్వక పూర్వమే, ఈ పండు తిని టెంక యుమియుట యెఱిగినాడన్నమాట. అయితే తినుట వేఱు, పెంచుట వేఱు. ఈ రెంటి నడుమ గడచిన దీర్ఘకాలమును గూర్చి మనకు మార్గము చూపునవి టెంకలు కావు, మాటలు.

వైదిక వాఙ్మయమున సౌత్రామణి యను యాగమందు కువలము, కర్కంధువు, బదరము అను మూడు ఫలముల పొడిని వాడవలెనని విధి కలదు. ఈ మూడును రేగులోని భేదములే. తరువాతి వైద్యగ్రంథములు పెద్దదియు మధురమైనదియునగు పండును సౌవీర మనియు, నడిమిదానిని కోల మనియు, చిన్నదియు పుల్లనిదియునగు దానిని కర్కంధు వనియు వేఱుపఱచి, ఒక్కొక్కదానికి గుణదోషములు చెప్పినవి. కేవలము అడవిలో ఏరుకొని తిను పండునకు ఇన్ని పేర్లు, ఇన్ని తరగతులు ఏర్పడవు. పెద్దపండు కాచు చెట్టును గుర్తుంచుకొని, దాని టెంకను ఇంటివెనుక పాతి, పుల్లనిదానిని గొడ్డలికి అప్పగించిన యజ్ఞాత గృహస్థుల యెన్నిక ఈ పేర్ల వెనుక నున్నదని నేను నమ్ముదును. సౌవీర మన్నది సింధునదీ ప్రాంతపు దేశముపేరు కూడ నగుటవలన, మేలురకములకు ఆ వాయవ్యసీమయే పుట్టినిల్లను నూహకు కొంత బలము చేకూరును. కోల యన్నది వైద్యులకు తూనికరాయి గూడ నైనది. రెండు కోలలు ఒక కర్షము. పండు పరిమాణము జనులకు ఎంత పరిచితమై యుండెనో గదా దానితో మందులు తూచుట!

కవులును దీనిని విడిచిపెట్టలేదు. వాసవదత్తా కథ రచించిన సుబంధుడు కావ్యారంభమందే, సరస్వతీ కటాక్షమువలన సూక్ష్మబుద్ధులగు కవులకు జగత్తంతయు అఱచేతిలోని రేగుపండువలె కనబడు నను భావమును నిబంధించెను. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలమును కనిపెట్టు విధానము చెప్పుచు, రేగుచెట్టునకు తూర్పున పుట్ట యున్నచో పడమట మూడు పురుషప్రమాణముల లోతున నీరు పడునని వ్రాసెను. ఇందలి సత్యాసత్యములను బావులు త్రవ్వువారు పరీక్షింతురు గాక. వేరును లోతునకు దింపి, వానలేని నేలలో సైతము పచ్చగా నుండు చెట్టుగా రేగు ఆ కాలమునకే గుర్తింపబడిన దనుట మాత్రము నిస్సంశయము. బాదరాయణుడు, బదరికాశ్రమము అను పేర్ల మహిమను గూర్చి వేఱుగ చెప్పనేల? అమృతసరస్సున స్వర్ణమందిరపు కోనేటిగట్టుపై సిక్కులు భక్తితో కాపాడుకొనుచున్న దుఃఖభంజనీ వృక్షమును రేగే.

రేగుసాగునందలి అసలు చిక్కు ఏమనగా, టెంక నాటిన మొక్క తల్లిగుణమును నిలుపుకొనదు. తన పుప్పొడితో తాను సరిగా ఫలింపని రకము లనేకము లగుటచే, ప్రతి టెంకయందును ఏదో పరాయిచెట్టు పాలు కలిసియుండును. తీపిపండు టెంక నాటినవానికి పుల్లకాయ దక్కుట ఇందువలననే. అంటుకట్టు విద్య యలవడిన పిమ్మటనే మేలుచెట్టు చిరంజీవి యైనది. నాటురేగు మొక్కను కాండముగా పెంచి, దానిపై మేలురకపు కన్నును అతికించుటవలన ఒక్క చెట్టు వేయి చెట్లగును. ఉత్తరదేశమున గోల, ఉమ్రాన్, కైథలీ, సేబ్, బనారసీ కరాకా మొదలగు రకములు ఇట్లు స్థిరపడినవే. తెనుగున గంగరేగు అని గౌరవముతో పిలుచు పెద్దకాయయు ఈ తెగలోనిది. ఎడారి మండలపు వ్యవసాయమునకై 1959లో జోధపురమున నెలకొన్న కేంద్ర పరిశోధన సంస్థ రేగును మెట్టభూముల పంటగా పరిశీలించిన పిదప, రాయలసీమలోను తెలంగాణమునందును వర్షాధారపు నేలలలో తోటలు వెలసినవి. గోదావరికి మాత్రము ఆ గాలి చాలకాలము సోకలేదు.

దీనికి కారణము వెదకువారు సామర్లకోటకు పోవలెను. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1776లో చెన్నపట్టణమున కంపెనీ కొలువున జేరి, 1781లో సామర్లకోటకు బదిలీ యయ్యెను. సైనికులకు మందులిచ్చుట ఆయన వృత్తి, మొక్కలు ఆయన వ్యసనము. అచట తోట వేసి మిరియములు, కాఫీ, మల్బరీ వంటి యెన్నియో మొక్కలను పరీక్షించెను. దేశీయ చిత్రకారులచే చెట్టుచెట్టునకు బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై పోవువఱకు ఈ సీమ మొక్కలను తెలుగు పేర్లతో సహా లిఖించుకొనుచునే యుండెను. 1795 మొదలు లండనులో వెలువడిన ఆయన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము మూడు సంపుటములలో 300 చిత్రములతో నేటికిని చూడదగినది. 1787 నాటి తుపాను ముంపును, 1790 ప్రాంతపు కఱవును కన్నులార చూచినవాడగుటచే, ఆయన కరవుకాలమున ఆదుకొను చెట్లను కాలువగట్లపైనను ఊరి చుట్టును విరివిగా నాటింపవలెనని, కొబ్బరి, పనస, అరటి మొదలగువానిని పేర్కొని, దొరతనమువారికి విన్నవించెను. ఆ సలహాలోని కొబ్బరి తరువాతికాలమున కోనసీమ నేలెను.

రాక్స్‌బర్గ్ వెడలిన నలువదేండ్లకు వచ్చిన నందననామ సంవత్సరపు కఱవు (1832–33) పెద్దల నోట నేటికిని కథగా నిలిచియున్నది. 1821 మొదలు 1841 వఱకు గడచిన ఇరువదేండ్లలో రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య నాలుగవవంతు మేర తగ్గినది. అట్టి కాలములందు గింజలేని యిండ్లకు అడవిదుంపలతోపాటు రేగుపండును, దాని యెండుపిండియు అన్నమై యుండును. ఆ దురవస్థ జూచియే 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని కుపక్రమించి 1852 నాటికి ముగించెను. కాటన్ దొరకు ఈ సీమ చేయుచున్న నివాళి యెల్లరు నెఱిగినదే. దానియందు కొఱంత పెట్టుట నా యుద్దేశము గాదు. అయినను కాలువనీరు వచ్చిననాడే రేగునకు చోటు పోయినదనుట గూడ సత్యమే. బీడు వరిచేనైనది. చేలో నీడనిచ్చు చెట్టు పైరునకు పగ. గోదావరి గట్లపై ఇసుకనేలలు కొబ్బరి తోటలైనవి. కొబ్బరి క్రింది నీడలో అరటియు కోకోయు కాలక్షేపము చేయగలవు గాని, నిండుటెండ లేనిదే రేగు కాయదు. లంకలలో కూరగాయలు, పొగాకు ఆక్రమించుకొనినవి. ఇక మిగిలినది కాలువగట్టు, డొంకదారి, చెఱువుకట్ట, శ్మశానపు వెలుపలి దిబ్బ. పిట్ట, నక్క, మేక, బడికి పోవు పిల్లవాడు అను నలుగురును తిని టెంక యెచట విసరిన అచట మొలచి, ఎవ్వరి యాస్తియు గాక యది బ్రతికినది. కడియము మొదలు మెట్ట గ్రామములవఱకు గట్లపై కనుపించు రేగులన్నియు ఈ వంశమువే.

ఎవరి యాస్తియు గాకపోవుటచే పండు పేదల సొత్తైనది. గట్టుపండు నేరితెచ్చి సోలతో కొలిచి అమ్ము ముసలమ్మలును, మేకలకు కొమ్మ గొట్టియిడు కాపరులును, వంటచెఱకునకై మ్రాను నఱకువారును దీనినాశ్రయించిరి. గట్టికొయ్య గనుక మంచపుకోళ్లకును పనిముట్ల పిడులకును పనికివచ్చును. లక్కపురుగు పెంచుటకు రేగుకొమ్మ ప్రసిద్ధము. ఇండ్లలో మాగినపండ్లను మిరపకాయలు, జీలకఱ్ఱ, ఉప్పు చేర్చి దంచి, బిళ్లలుగా తట్టి యెండబెట్టి, రేగొడియాలని సంవత్సరము పొడుగున నంజుకొనుట యుండెను. ఎండలో కూర్చుండి కాకిని తోలు పని పిల్లలది. కాకులకంటె పిల్లలే యెక్కువ తినిరని ప్రతి యింటను అభియోగము.

శబరి యెంగిలి రేగుపండ్ల కథ వాల్మీకమున లేదు. పంపాతీరమున ఆమె రామునకు అడవిలో సేకరించిన ఆహారము సమర్పించెనని మాత్రమే యందున్నది. తీపి పరీక్షించి యిచ్చిన పండు రేగు కావలెనని నిర్ణయించినవారు తరువాతి భక్తులు. అయినను కూనవరమువద్ద శబరినది గోదావరిలో కలియుచుండగా, ఆ దారిన భద్రాచలమునకు పోవు తెలుగువానికి ఈ వివాదముతో పనిలేదు. ఒక్కటి మాత్రము గమనింపదగును: కొఱికి చూచినగాని తీపో పులుపో తెలియని పండు మన చెట్లలో రేగువంటిది వేఱొకటి లేదు. ఒక్క కొమ్మకే రెండురుచులు! జానపదునకు వృక్షశాస్త్రము తెలిసియే ఆ కథ కట్టినాడేమో యనిపించును.

రథసప్తమినాడు జిల్లేడాకులలో రేగుపండు నుంచి తలపై ధరించి స్నానము చేయు నాచారముతో రేగు ఋతువు ముగియును. భోగికిని సప్తమికిని నడుమనున్న ఆ కొలది దినములే ఈ చెట్టునకు జమాబందీ కాలము. ఆ కొలదిదినముల గిరాకీ లేకున్నచో గట్లపైనున్న ముండ్లచెట్టును రైతు ఎపుడో మొదలంట తీసివేసియుండునని నా నిశ్చితాభిప్రాయము. తోట లేకున్నను, కన్ను గట్టువారు లేకున్నను, ఏటికొకసారి పిల్లలనెత్తిన పోయుటకు కావలసిన పండు కొఱకై గొడ్డలి ఆగినది.

ఇటీవలి పదిపదునైదేండ్లలో ఈ వ్యవహారమున ఒక క్రొత్త పాత్ర ప్రవేశించినది. థాయిలాండునుండి వచ్చిన యాపిల్ రేగు చూచుటకు చిన్న ఆపిల్‌పండే, ఒక్కొక్కటి 60 మొదలు 100 గ్రాములు దాటి తూగును, ముండ్లును తక్కువ. నాటిన సంవత్సరమే కాపునకు వచ్చుటవలన ఆంధ్ర తెలంగాణములు రెండిటను రైతులు ఉత్సాహముతో తోటలు వేసిరి. కడియపులంక నర్సరీలలో దీని అంట్లు వరుసలుదీరి యున్నవి. పండ్లబండ్లపై జామకును దీనికిని చూపునకు భేదము తెలియదు. రుచిని గూర్చి అభిప్రాయభేదము లుండవచ్చును. నీరు, తీపి కలవుగాని, నాలుకను పట్టి నిలుపు పులుపు లేదని నా ఫిర్యాదు. రాజమహేంద్రవరపు సంతలో దీనిని జూపి, భోగికి ఇవి మంచివి గావా యని యొక ముసలమ్మ నడుగగా, ఆమె తన గోనెపట్టాపై నాటురేగును కలియబెట్టుచు, “ఆయ్! అయ్యి నెత్తిన పోస్తే పిల్లోడికి బొప్పి కడతాదండి బాబూ!” అనెను. శాస్త్రచర్చ అంతటితో ముగిసినది.

తోటరేగు పెంచువారికి రెండు సంగతులు ముఖ్యము. రేగు ఆ యేటి క్రొత్తకొమ్మకే కాయును గనుక, ఏటేట ఏప్రిల్, మే నెలలలో చెట్టు నిద్రించువేళ కొమ్మలను గట్టిగా కత్తిరింపవలెను. జాలిపడి విడిచినచో చెట్టు పెరుగును, పండు తగ్గును. పండుఈగ కాయలోపల గ్రుడ్డుపెట్టి పురుగును పుట్టించును గనుక, రాలిన కాయలను ఏరి నాశనము చేసి, వేసవిలో చెట్టుక్రింది మన్ను తిరుగవేయవలెను. శీతకాలపు బూడిదతెగులునకు గంధకము చల్లుట పాతమందే.

తోటకు నేల లేనివారికిని ఒక మార్గము కలదు. పశ్చిమ డెల్టాలో చేలు చేపలచెఱువులగుచు, గట్లు వెడల్పగుచు, కాలువ దరులకు సిమెంటు పూతలు పడుచున్న యీ దినములలో మిగిలిన నాటురేగులను నఱకుటకు మాఱుగా, వేసవిలో మోకాలియెత్తున కోసి, తొలకరికి లేచిన బలమైన చివురులలో రెండు మూడింటిని నిలిపి, జూలై మొదలు సెప్టెంబరు లోపల వానిపై మేలురకపు కన్నును అతికింపవచ్చును. వేరు పాతది, లోతైనది గనుక నీరు పోయ నక్కఱలేదు. టెంకలనుండి కాండపుమొక్కలు పెంచుకొనువారు టెంకలను ముందుగా ఉప్పునీటిలో వేసి తేలినవానిని పాఱవేయవలెను. మునిగినవానిని పగులగొట్టి గింజ తీసి నాటినచో వారముదినములలో మొలచును, టెంకతో నాటినచో నెల పట్టును. గట్టుపైని అంటుచెట్టు రెండవయేట కాయును. అందాక మేకల నుండి కాపాడుకొనుట యొక్కటియే కష్టము.